కోటీశ్వరుడు షో మళ్లీ వచ్చినప్పుడు ఏది కుదిరింది, ఏది కుదరలేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "2021లో జెమినీ టీవీ కోటీశ్వరుడు షోను జూనియర్ ఎన్టీఆర్‌తో మళ్లీ మొదలుపెట్టింది. మొదటి రోజు మా ఇంట్లో, పక్కింట్లో అందరం కూర్చుని చూశాం. రెండు నెలలు తిరిగేసరికి మా అమ్మ ఒక్కరే చూస్తున్నారు. ఎన్టీఆర్ బాగా చేశాడనే అందరూ అంటారు. మరి ఛానెల్ ఏం సరిగ్గా చేసింది, ఎక్కడ తప్పు చేసింది?"

ముందు నా సంగతి చెప్పాలి. తెలుగు ఛానెళ్ల నాన్-ఫిక్షన్ విభాగంలో, అంటే సీరియళ్లు కాకుండా గేమ్ షోలు, పోటీలు చేసే చోట, పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం కంటెస్టెంట్లను వెతికే టీమ్‌లోనే ఉన్నాను. ఆడిషన్లు పెట్టడం, వచ్చినవాళ్లతో మాట్లాడి ఎవరిని స్టేజీ దాకా తీసుకెళ్లాలో చెప్పడం, వాళ్ల ఊరు వెళ్లి ఏవీలు తీయించడం నా పని. కంటెస్టెంట్ రాగానే వాళ్ల ఇల్లు, ఊరు, కుటుంబం చూపిస్తూ తెర మీద వేసే చిన్న వీడియోను మేం ఏవీ అంటాం. మీరడిగిన షోలో నేను పనిచేయలేదు. దాన్ని బయట నుంచే చూశాను. అయితే ఆగిపోయిన షోను మళ్లీ లేపే పని వేరే ఛానెళ్లలో రెండుసార్లు చేశాను. ఒకటి నిలబడింది, ఒకటి పడిపోయింది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా జవాబు: హోస్ట్ ఎంపిక, పేరు మార్చడం, మామూలు మనుషులను కంటెస్టెంట్ సీట్లో కూర్చోబెట్టడం సరిగ్గా చేశారు. టైమ్, సెలబ్రిటీ ఎపిసోడ్లు, మరుసటి ఏడాది కొనసాగించడం, ఈ మూడూ తప్పాయి. ఈ మూడింటిలోనూ టైమ్ సమస్యే పెద్దది. ఆగిపోయిన షో మళ్లీ నిలబడాలంటే చూసేవాళ్ల ఇంట్లో ఒక గంట దానికోసం ఖాళీ కావాలి. ఆ గంటలో అప్పటికే వేరే ఏదో వచ్చి కూర్చుని ఉంటుంది. దాన్ని లేపి ఈ షోను కూర్చోబెట్టడమే అసలు పని. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ ఆట 1998లో బ్రిటన్‌లో పుట్టింది. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్‌తో స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా మన దేశానికి వచ్చింది. తెలుగులో 2014 జూన్ 9న మా టీవీలో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైంది. ఆ తేదీని ఒకసారి చూడండి. జూన్ 1న ఐపీఎల్ ఫైనల్ అయిపోయింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పరీక్షలు, ఫలితాల టెన్షన్ తీరింది. న్యూస్ ఛానెల్ ఏది పెట్టినా పంపకాల గొడవే. అలాంటి రోజుల్లో ఆదిలాబాద్ మనిషి, అనంతపురం మనిషి ఒకే సీట్లో కూర్చుని ఒకే ప్రశ్నకు ఒకేలా చెమటలు కక్కుతుంటే చూడటం ఎంతో హాయిగా ఉండేది. అదంతా ఛానెల్ లెక్కవేసి చేసిందో, అలా కలిసొచ్చిందో తెలియదుగానీ షో పెట్టడానికి అంతకన్నా మంచి వారం దొరకదు.

2017 ఫిబ్రవరిలో అదే షో నాలుగో సీజన్ చిరంజీవితో వచ్చింది. అంతకు నెల ముందే ఆయన సినిమాల్లోకి తిరిగి వచ్చారు, ఊరూవాడా ఆయన మాటే. అయినా నాగార్జున సీజన్లకున్నంత పట్టు దొరకలేదు. హోస్ట్‌లను పోల్చి చాలామంది చాలా రాశారు. నా ఉద్దేశంలో కారణం అంతకన్నా చిన్నది. ఫిబ్రవరి, మార్చి అంటే టెన్త్, ఇంటర్ పరీక్షలు. పిల్లలు చదువుకునే ఇంట్లో ఆ రెండు నెలలు టీవీ సౌండే వినిపించదు. ఏప్రిల్ రాగానే ఐపీఎల్. క్విజ్ షోకు నిజమైన ప్రేక్షకులైన విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు అప్పుడు అందుబాటులో ఉండరు.

ఆ సీజన్‌తో షో ఆగింది. ఆ జులైలోనే స్టార్ మా (మా టీవీకి కొత్త పేరు) 'బిగ్ బాస్' మొదలుపెట్టింది. మొదటి సీజన్ హోస్ట్ ఎన్టీఆరే. 2019 నుంచి ఆ కుర్చీలో నాగార్జున ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత జెమినీ కోటీశ్వరుడి ఆటను తెచ్చుకుని, పోటీ ఛానెల్‌లో బిగ్ బాస్‌ను నిలబెట్టిన ఎన్టీఆర్‌నే హోస్ట్‌గా పెట్టుకుంది. ఆలోచన చాలా మంచిది.

సరిగ్గా చేసినవి

హోస్ట్ గురించి. ఈ ఆటలో హోస్ట్‌కు కావలసిన మొదటి గుణం వినడం. హాట్ సీట్‌లో కూర్చున్న మనిషికి గొంతు తడారిపోతుంది, తెలిసిన జవాబు కూడా మర్చిపోతారు. హోస్ట్ ఆ మనిషిని మామూలు స్థితికి తేవాలి, అదే సమయంలో ఆట బిగి సడలకూడదు. ఎన్టీఆర్‌కు ఇది బాగా వచ్చింది. ఆయన తెలుగు స్పష్టంగా ఉంటుంది, మాటకు మాట అందిస్తారు. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడతోనూ, సాఫ్ట్‌వేర్ కుర్రాడితోనూ ఇద్దరికీ సరిపడేలా మాట్లాడగలరు. ప్రోమోలో చెప్పించిన మాట కూడా సరైనది: కథ మీది, కల మీది, ఆట నాది, కోటి మీది. చూసేవాళ్లకు ఇచ్చిన మాట అది. తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఆ మాటకు కట్టుబడలేని చోటే వచ్చాయి.

పేరు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరుగానీ నాకు చాలా నచ్చింది. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' కాస్తా 'ఎవరు మీలో కోటీశ్వరులు' అయింది. 'కోటీశ్వరుడు' అంటే మగవాడు. 'కోటీశ్వరులు' అంటే ఎవరైనా కావచ్చు. ఆడిషన్ బల్ల దగ్గర కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఇలాంటి షోలకు ఆడవాళ్లను రప్పించడం చాలా కష్టం. జనరల్ నాలెడ్జి గడగడా చెప్పగలిగే ఆవిడ కూడా "మా ఆయన్ని పంపిస్తానండీ, ఆయనకు బాగా తెలుసు" అంటుంది. టైటిల్ తమను కూడా పిలుస్తోందంటే కొంతమందైనా ఫోన్ తీస్తారు. జనం మాత్రం పాత పేరుతోనే పిలిచారు, మీ ప్రశ్నలో మీరూ అలాగే పిలిచారు. దానివల్ల నష్టమేమీ లేదు.

మనుషుల ఎంపిక కూడా బాగుంది. నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం ప్రాంతానికి చెందిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి గెలిచారు. ఇది ఆ షోకు దొరికిన పెద్ద వరం. మన దగ్గర లక్షల మంది కుర్రాళ్లు గ్రూప్స్‌కీ, ఎస్సై పరీక్షలకీ చదువుతుంటారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, జిల్లా గ్రంథాలయాల్లో, ఊరి స్కూలు వరండాల్లో చదువుతుంటారు. ఆ చదువు చదివి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి, అదే చదువుతో కోటి కూడా గెలిచాడు. ఆ ఒక్క గెలుపు మీద వచ్చే సీజన్ మొత్తం కట్టొచ్చు. అయితే కట్టలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సోనీ ఏం చేసింది

ఇదే ఆటను మళ్లీ లేపడంలో మన దేశంలో అన్నిటికన్నా బాగా కుదిరిన కేసు 2010లో సోనీది. నేను కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు ఎప్పుడూ ఇదే చెబుతాను.

స్టార్ ప్లస్‌లో రెండో సీజన్ అమితాబ్ అనారోగ్యంతో 2006 జనవరిలో మధ్యలోనే ఆగింది. మూడో సీజన్ 2007 జనవరి 22న షారుఖ్ ఖాన్‌తో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. ఆయన కష్టపడి చేశారు, చురుగ్గా చేశారు. కానీ చూసేవాళ్లు ప్రతి మాటలో పాత గొంతు వెతుక్కున్నారు. తర్వాత మూడేళ్లకు పైగా షో లేదు. అప్పుడు సోనీ దాన్ని తీసుకుని 2010 అక్టోబరు 11న, అమితాబ్ పుట్టినరోజున, ఆయనతోనే మొదలుపెట్టింది. సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి తొమ్మిదికి. 2000లో స్టార్ ప్లస్‌లో వచ్చిందీ ఆ టైమ్‌కే. ఛానెల్ మారినా గంట మారలేదు. ఇది చాలామంది గమనించరు. పదేళ్ల కిందట తొమ్మిదయ్యేసరికి భోజనాలు ముగించుకుని టీవీ ముందు కూర్చున్న కుటుంబానికి ఆ అలవాటు ఒంట్లో ఎక్కడో మిగిలే ఉంటుంది.

పోటీ తక్కువేం కాదు. వారం ముందే కలర్స్‌లో సల్మాన్ ఖాన్‌తో బిగ్ బాస్ మొదలైంది. అదే నెలలో స్టార్ ప్లస్‌లో అక్షయ్ కుమార్‌తో వంటల పోటీ వచ్చింది. అటు సల్మాన్, ఇటు అక్షయ్. సోనీ హంగులతో పోటీ పడలేదు. ఏ ప్రశ్నా చిన్నది కాదు అనే అర్థం వచ్చే నినాదం పెట్టింది. మరుసటి ఏడాది దాన్ని ఏ మనిషీ చిన్నవాడు కాడు అని మార్చింది. ఆ రెండు నినాదాల మధ్య తేడాలోనే వాళ్లు నేర్చుకున్న పాఠం ఉంది. మొదటి ఏడాది గిరిడీహ్ నుంచి వచ్చిన ఒక గృహిణి కోటి గెలిచారు. జనం ఆటకన్నా ఆమెను గుర్తుపెట్టుకున్నారని ఛానెల్‌కు అర్థమైంది. రెండో ఏడాది, 2011లో, బీహార్‌లోని మోతీహారీ నుంచి ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసే కుర్రాడు అయిదు కోట్లు గెలిచాడు.

ఆటలోనూ చిన్న మార్పులు చేశారు. ప్రశ్నలు తగ్గించారు, మొదటి ప్రశ్నలకు గడియారం పెట్టారు, జాక్‌పాట్ ప్రశ్న చేర్చారు. మొదటి సీజన్లో కంటెస్టెంట్ పది నిమిషాలు ఆలోచించినా చెల్లింది. 2010కి రిమోట్ మీద వేలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. గడియారం వచ్చాక ఆట కదిలింది. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది ఇక్కడ నేర్చుకోవచ్చు: గొంతు, గంట, సీటు అలాగే ఉంచారు. వేగం మార్చారు.

జెమినీ దగ్గర ఏం తప్పింది

మొదట టైమ్. షోను 2021 మార్చిలో ప్రకటించారు. కోవిడ్ రెండో వేవ్ వచ్చి ఆగస్టు 22 దాకా జరిగింది. ఇందులో ఛానెల్ తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అయితే జరిగినప్పుడు ఎక్కడికి జరుగుతోందో చూసుకోవాలి. సెప్టెంబరు 5న స్టార్ మాలో బిగ్ బాస్ అయిదో సీజన్ మొదలైంది. సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 15 దాకా దుబాయ్, అబుదాబి, షార్జాల్లో మిగిలిన ఐపీఎల్. ఆ మ్యాచ్‌లు సాయంత్రం ఏడున్నరకు. అది ముగిసిన రెండు రోజులకే టీ20 ప్రపంచకప్, నవంబరు 14 దాకా. అంటే షో మొదలైన నాలుగు వారాల నుంచి దాదాపు రెండు నెలల పాటు, ఈ షో వచ్చే రాత్రి ఎనిమిదిన్నరకు క్రికెట్ మ్యాచ్ మంచి పట్టులో ఉంది. క్విజ్ చూసే మగపిల్లలు, నాన్నలు, తాతలు అందరూ అక్కడే.

మిగిలింది సీరియల్ చూసేవాళ్లు. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎనిమిదిన్నర అంటే తెలుగు ఇళ్లలో సీరియళ్లు మంచి ఊపులో ఉండే టైమ్. ఆ ఏడాది స్టార్ మా అందరికన్నా ముందుండేది, ఏడున్నరకు 'కార్తీక దీపం' పెట్టుకున్న ఇల్లు అక్కడి నుంచి కదిలేది కాదు. సీరియల్ అరగంట ఉంటుంది. ఈ షో గంట. అంటే ఒక ఇల్లు ఇటు రావాలంటే రెండు సీరియళ్లు వదులుకోవాలి. ఒకరోజు వదులుకుంటారు, స్టార్ మీద ఇష్టంతో వారం కూడా వదులుకుంటారు. తర్వాత సీరియల్లో ఏం జరిగిందో పక్కింటావిడను అడగాల్సి వస్తుంది, అక్కడితో ఇటు రావడం ఆగిపోతుంది. మీ ఇంట్లో రెండు నెలలు తిరిగేసరికి మీ అమ్మగారు తప్ప ఎవరూ లేరన్నారు కదా, నాకు ఆశ్చర్యమేమీ లేదు.

నా రెండు అనుభవాల్లో పడిపోయినది ఇలాగే పడింది. పిల్లల పాటల పోటీ అది. అయిదారేళ్ల కిందట శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిదికి వచ్చినప్పుడు బాగా ఆడింది. మళ్లీ తెచ్చినప్పుడు ఎనిమిదికి సినిమా ఉందని పదికి వేశారు. నా జీవితంలో అంత మంచి పిల్లల బ్యాచ్ నాకు మళ్లీ దొరకలేదు. రాజమండ్రి ఆడిషన్లో తొమ్మిదేళ్ల పాప పాడుతుంటే హాలు బయట టీ అమ్మే ఆయన కెటిల్ పక్కన పెట్టి లోపలికొచ్చి నిలబడ్డాడు. నాలుగో వారంలో ఆ పాప నాన్నగారు ఫోన్ చేసి, "మా పాప ఎపిసోడ్ పాపే చూడలేకపోతోందండీ, తొమ్మిదికే నిద్రపోతుంది. బళ్లో పిల్లలెవరికీ తెలియదు" అన్నారు. పైవాళ్లకు ఆ మాట అలాగే చెప్పాను. జడ్జిలను మార్చారుగానీ టైమ్ మార్చలేదు. ఆరు వారాలకే తగ్గించేసి ఫైనల్ పెట్టేశారు.

రెండోది సెలబ్రిటీ ఎపిసోడ్లు. మొదటి రోజు రామ్‌చరణ్ వచ్చారు. ఇద్దరూ అప్పుడు రాజమౌళి సినిమాలో కలిసి చేస్తున్నారు, ఆ సందడి వేరు. మొదటి రోజుకు అది సరైన నిర్ణయమే. షో వచ్చిందని జనానికి తెలియాలి కదా. తర్వాత రాజమౌళి, కొరటాల శివ వచ్చారు. దసరాకు సమంత, దీపావళికి దేవిశ్రీ ప్రసాద్, తమన్, డిసెంబరులో చివరగా మహేశ్ బాబు. ఒక్కొక్క ఎపిసోడ్ విడిగా చూస్తే సరదాగానే ఉంటుంది. కానీ వీటన్నిటి వల్ల చూసేవాళ్ల మనసులో ఒక లెక్క పడిపోయింది: స్టార్ వచ్చిన రోజు చూడాలి, రాని రోజు చూడకపోయినా ఫర్వాలేదు. కథ మీది అని చెప్పి, ఎవరి కథ వచ్చినప్పుడు ప్రోమో పెద్దగా వేశారో చూస్తే ఆ లెక్క ఎందుకు పడిందో తెలుస్తుంది.

ఆటకు ప్రాణం డబ్బు అవసరం. ఇరవై అయిదు లక్షల ప్రశ్న దగ్గర ఒక మనిషి ఆగి, ఆడపిల్ల పెళ్లి, ఇంటి అప్పు, నాన్న ఆపరేషన్ అన్నీ కళ్ల ముందు కదులుతుంటే, ఆడాలా తప్పుకోవాలా అని ఆలోచించే ఆ కొన్ని క్షణాల కోసం జనం చూస్తారు. స్టార్ గెలిచిన డబ్బు మంచి పనికే వెళ్తుంది, అది మంచి విషయమే. కానీ అక్కడ ఓడిపోతానన్న భయం లేదు. భయం లేనప్పుడు అది మంచి కబుర్ల కార్యక్రమం అవుతుంది. అమెరికాలో ఏబీసీ కూడా 2020లో ఇదే ఆటను మళ్లీ తెచ్చినప్పుడు సెలబ్రిటీలను కూర్చోబెట్టి, గెలిచిన డబ్బు సేవా సంస్థలకు ఇప్పించింది. ఒకప్పుడు అదే ఛానెల్ ఈ ఆటను వారంలో దాదాపు రోజూ వేసి జనానికి మొహం మొత్తించింది. మళ్లీ తెచ్చినప్పుడు ఆ మోతాదు తప్పు దిద్దుకుందిగానీ మామూలు మనిషిని పోగొట్టుకుంది.

సోనీ దీనికి మంచి దారి కనిపెట్టింది. 2021లోనే, జెమినీ షో మొదలైన మరుసటి రోజే మొదలైన సీజన్లో, ప్రముఖులను శుక్రవారానికి పరిమితం చేసింది. మిగతా రోజుల్లో సీటు మామూలు వాళ్లదే. చూసేవాళ్లకు ఏ రోజు ఏమొస్తుందో తెలుసు, కంటెస్టెంట్ల ఎపిసోడ్లు ముందుకూ వెనక్కూ జరగవు.

ఆ జరగడం ఎంత బాధ పెడుతుందో బయటివాళ్లకు తెలియదు, అందుకే ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక గేమ్ షోలో శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చాడు. మూడున్నర లక్షలు గెలిచాడు. టెలికాస్ట్ తేదీ నేనే ఫోన్లో చెప్పాను. ఆ రోజు వాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెట్టి, కుర్చీలు వేసి, ఊరందరినీ పిలిచారు. వాళ్లమ్మ పులిహోర చేసి పంచింది. సాయంత్రం ఆరుకు మా ఛానెల్‌లో సినిమా ప్రమోషన్ ఎపిసోడ్ ముందుకు వచ్చింది, అతని ఎపిసోడ్ వారం వెనక్కి వెళ్లింది. చెప్పాల్సింది నేనే, ఎడిటింగ్ రూమ్‌లో ఉండి చెప్పలేకపోయాను. ఎనిమిదికి ఊరంతా కూర్చుని ఇంకెవరినో చూశారు. తర్వాతి వారం మళ్లీ పిలిస్తే సగం మంది కూడా రాలేదని అతనే చెప్పాడు, కోపం లేకుండా చెప్పాడు. ఒక్కో కంటెస్టెంట్ వెనక ఇలా ఒక ఊరు, ఒక ఆఫీసు, ఒక కాలేజీ ఉంటుంది. నాన్-ఫిక్షన్ షోకు పబ్లిసిటీ చేసేది వాళ్లే, డబ్బు తీసుకోకుండా చేస్తారు. వాళ్లను ఒకసారి పోగొట్టుకుంటే హోర్డింగులు ఎన్ని పెట్టినా తిరిగి రారు.

మూడోది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, మరుసటి ఏడాది. సబ్ ఇన్‌స్పెక్టర్ నవంబరులో గెలిచారు. ప్రపంచకప్ అప్పుడే అయిపోయింది. షోకు మొదటిసారిగా ఖాళీ మైదానం దొరికింది. డిసెంబరులో షో ముగిసింది. 2022లో జూన్, జులై, ఆగస్టు వచ్చాయి, రెండో సీజన్ రాలేదు. సోనీ 2010లో తెచ్చి 2011, 2012, 2013, 2014 వరసగా తెచ్చింది. అలా కుదురుకున్నాకే విశ్రాంతి ఇచ్చి 2017లో మళ్లీ తెచ్చింది. ఆ విశ్రాంతి పనిచేసింది, ఎందుకంటే అప్పటికి ఇంట్లో దానికో చోటు ఉంది. ఒక్క సీజన్ తెచ్చి ఆపితే పాత షో జ్ఞాపకం మీద బతికిన షోగానే మిగిలిపోతుంది. కొత్త చూపరులకు దానిమీద సొంత జ్ఞాపకం ఏర్పడే సమయం దొరకదు. కోటి గెలిచిన మనిషిని చూసి "మనమూ రాసుకుందాం" అనుకున్న కుర్రాడికి ఫోన్ చేయడానికి నంబరే లేదు.

ఇప్పుడు కొన్ని మినహాయింపులు, ఛానెల్ వైపు నుంచి.

పెద్ద హీరోను హోస్ట్‌గా పెట్టుకుంటే డేట్లు సినిమాల తర్వాతే దొరుకుతాయి. దొరికిన రోజుల్లోనే రోజుకు రెండు మూడు ఎపిసోడ్లు తీసి పెట్టుకోవాలి. ఏ నెలలో వేయాలో ఛానెల్ పూర్తిగా తన ఇష్టప్రకారం నిర్ణయించలేదు. అయినా తీసి పెట్టుకున్న ఎపిసోడ్లను ఎప్పుడు వేయాలన్నది ఛానెల్ చేతిలోనే ఉంటుంది. క్రికెట్ షెడ్యూల్ నెలల ముందే తెలుస్తుంది.

ఇంకోటి, టీఆర్‌పీ. గురువారం నంబర్లు రాగానే ఛానెల్ ఆఫీసులో గాలి మారిపోతుంది. ఆ నంబరు ఇంట్లో టీవీ చూసినవాళ్లదే. మెస్‌లో, హాస్టల్లో, బస్సులో ఫోన్ మీద చూసే కుర్రాళ్లు అందులో లెక్కకు రారు. క్విజ్ షోకు వాళ్లే ఎక్కువ. అందువల్ల ఇలాంటి షో నిజంగా ఎంత దూరం వెళ్లిందో ఆ నంబరు ఒక్కటే చెప్పదు. కానీ ప్రకటనల వాళ్లు దాన్నే చూస్తారు, ప్రైజ్ మనీ, ఫార్మాట్ హక్కుల డబ్బు, హోస్ట్ పారితోషికం అన్నీ దాని మీదే నడుస్తాయి. కాబట్టి రెండో సీజన్ ఎందుకు రాలేదో నాకు అర్థమవుతుంది. రావాల్సింది అనే మాట మాత్రం మార్చుకోను.

"మళ్లీ తెస్తే నడుస్తుందా" అని కూడా చివర్లో అడిగారు. నడుస్తుంది. జూన్‌లో, ఐపీఎల్ అయిపోయి బళ్లు తెరిచే వారంలో మొదలుపెట్టాలి. రాత్రి తొమ్మిదిన్నరకు వేయాలి, సీరియళ్ల పట్టు కొంచెం సడలుతుంది. ఎపిసోడ్ గంట కాకుండా నలభై అయిదు నిమిషాలు ఉంటే ఇంకా మంచిది. మొదటి రోజుకు ఒక స్టార్ చాలు, మళ్లీ ఫైనల్‌కే. ఆడిషన్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మాత్రమే కాకుండా వనపర్తి, పార్వతీపురం, మదనపల్లె లాంటి చోట్ల పెట్టాలి. అక్కడ పెట్టినప్పుడు వచ్చే మనుషులు వేరు, వాళ్లకున్న ఆకలి వేరు. మూడేళ్లకు ఒప్పందం రాసుకునే హోస్ట్ దొరికితే ఆయన అంత పెద్ద స్టార్ కాకపోయినా ఫర్వాలేదు, రెండో నెలకు జనం ఆయన్ని తమవాడిగా చేసుకుంటారు.

మీ అమ్మగారు ఒక్కరే చివరిదాకా చూశారన్నారు. వీలైతే ఆవిడను ఒక మాట అడిగి ఇక్కడ రాయండి: ఎన్టీఆర్ కోసం చూశారా, ప్రశ్నల కోసమా, వచ్చిన మనుషుల కోసమా? ఏ కంటెస్టెంట్ అయినా ఆవిడకు ఇప్పటికీ గుర్తున్నారా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.